రద్దీ కట్టల్లో ఓరుగల్లు: పాత పుస్తకాలతో ఊరి చరిత్ర పట్టుకోవడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది: వరంగల్, హనుమకొండల చరిత్ర లోతుగా తెలుసుకోవాలని ఉంది. కొత్త పుస్తకాల్లో రుద్రమదేవి, వేయిస్తంభాల గుడి, కీర్తితోరణాలు దాటి ఏమీ దొరకడం లేదు. పాత పుస్తకాలు కొని చదవాలంటే ఎక్కడ వెతకాలి, ఏవి కొనాలి, అందులో ఉన్నదాన్ని ఎంతవరకు నమ్మాలి?

మొదట అట్ట మీద "వరంగల్ చరిత్ర" అని ఉన్న పుస్తకం కోసం వెతకడం మానేయండి. అలాంటివి చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. మొదటివాడు చేసిన తప్పు పదోవాడి దాకా అట్లాగే వస్తుంది. ఊరి సంగతులు దండిగా ఉండేవి చరిత్ర పుస్తకాలని ఎవరూ అనుకోనివాటిలో. కాలేజీ మ్యాగజైన్లు, రజతోత్సవ సావనీర్లు, అభినందన సంచికలు, గుళ్ల దగ్గర అమ్మిన స్థలపురాణాలు, గ్రంథాలయాల వార్షిక నివేదికలు, మిల్లు కార్మిక సంఘాల సంచికలు, జనాభా లెక్కల జిల్లా సంపుటాలు, పాత టెలిఫోన్ డైరెక్టరీలు. ఇవి కొద్ది కాపీలే వేసి, ఆ సభలోనే పంచేసి, మళ్లీ అచ్చు వేయనివి. ఇంట్లో పెద్దాయన పోయాకనో, ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడో కట్ట కట్టి రద్దీకి, అంటే పాత కాగితాల కింద తూకానికి, వేస్తారు. విరాళంగా వచ్చిన పాత పుస్తకాలు అమ్మే షాపులు విదేశాల్లో ఉంటాయి. మన దగ్గర ఆ పని చేసేది రద్దీ దుకాణమే.

కాబట్టి మొదట పట్టుకోవాల్సింది పుస్తకాల షాపును కాదు, పాత పేపర్లు కొనే దుకాణాన్ని. మీ పేటలో రెండు మూడు దుకాణాలు ఎంచుకుని, నెలకు రెండుసార్లు వెళ్లండి. యజమానికి ఏం కావాలో విడమరిచి చెప్పాలి. "పాత పుస్తకాలుంటే చెప్పండి" అంటే గైడ్లు, ఎంసెట్ మెటీరియల్ ముందు పోస్తాడు. "స్కూల్ పుస్తకాలు వద్దు. గట్టి అట్ట ఉన్న పాత తెలుగు, ఉర్దూ పుస్తకాలు, ఫొటోలున్న సావనీర్లు, గుడి పుస్తకాలు, పాత కరపత్రాలు పక్కన పెట్టండి" అనాలి. కిలో రద్దీ ధరకు రెండు మూడింతలు ఇస్తానని ముందే చెప్పండి. ఆయనకు అది లాభం, మీకు అది చవక. ఒక్కో పుస్తకానికి బేరం మొదలుపెడితే మాత్రం తర్వాతి నుంచి ప్రతిదానికీ "ఇది చాలా పాతది సార్" అంటాడు.

ఒకే ఇంటి నుంచి వచ్చిన కట్ట దొరికితే ఏరుకోకుండా మొత్తం తీసుకోండి. మంచి పుస్తకం ఒక్కటే తీసి తక్కినవి వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే. ఒక కట్టలో ఆజంజాహీ మిల్లు యూనియన్ సంచిక, కొన్ని ఉర్దూ వాచకాలు, కాజీపేట రైల్వే సంఘం డైరీ కలిసి ఉన్నాయంటే ఆ ఇంటివాళ్లు ఎవరో, ఏ పని చేసేవాళ్లో తెలుస్తుంది. సంచికలో గ్రూపు ఫొటో ఉంటే దాని కింది పేర్లు చదవడానికి అదే ఆధారం. కట్ట ఏ వాడ నుంచి వచ్చిందో అడిగి, మట్టెవాడో, గిర్మాజీపేటో, కుమార్‌పల్లో, ఒక చీటీ మీద రాసి ఆ కట్టలోనే పెట్టండి. ఇంటి పేరు అక్కర్లేదు, వాడ పేరు చాలు.

ఎక్కువ సరుకు వచ్చేది పరీక్షలు అయిపోయాక, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆ తర్వాత దసరా ముందు ఇల్లు దులిపే రోజులు. వానాకాలంలో కొనడం వృథా. ఆరుబయట పరదా కింద ఉన్న కట్ట పైకి పొడిగా కనిపిస్తుంది కానీ మధ్యలో తడి పట్టి ఉంటుంది. హైదరాబాద్ వెళ్లే పనుంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి, కోఠి దుకాణాలూ చూడండి. ఉద్యోగాలకు, చదువులకు వెళ్లి అక్కడే స్థిరపడ్డ వరంగల్ కుటుంబాల పుస్తకాలు అక్కడే బయటికొస్తాయి.

చేతిలోకి తీసుకోగానే ముందు చూడాల్సింది చివరి పేజీలు. సావనీర్లకైతే ఇది తప్పనిసరి. వ్యాసాల్లో పెద్దల శుభాకాంక్షలే ఉంటాయి, ఊరు మాత్రం వెనక ప్రకటనల్లో ఉంటుంది. బట్టల దుకాణం, సోడా ఫ్యాక్టరీ, లారీ ట్రాన్స్‌పోర్టు, ధాన్యం కమీషన్ ఏజెంటు, ఫొటో స్టూడియో, వాటి చిరునామాలు, ఫోన్ నంబర్లు. ఇలాంటి ప్రకటనలు ముప్పై నలభై కూడితే స్టేషన్ రోడ్డు నుంచి చౌరస్తా దాకా ఆ ఏడాది ఎవరి దుకాణం ఎక్కడుందో కాగితం మీద గీయవచ్చు. "ఫలానా టాకీసు ఎదురుగా" అని ఉంటే ఇంకా మంచిది. ఆ టాకీసు కూలిపోయి ఉన్నా దాని స్థానం దొరుకుతుంది.

తర్వాత అచ్చు తేదీ. చిన్న పుస్తకాల మీద చాలాసార్లు సంవత్సరం ఉండదు. దాన్ని పట్టే ఆనవాళ్లు ఉన్నాయి. వెల అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, లేదా మార్పు జరిగిన తొలినాళ్లది. "నయాపైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. వెల పక్కన "హాలీ" లేదా "కల్దార్" అని ఉంటే నిజాం నాణెం చలామణిలో ఉన్న కాలంది. కల్దార్ అంటే బ్రిటిష్ రూపాయి, హాలీ మన రాజ్యం రూపాయి. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌కు సమానం, అందుకే రెండు వెలలు వేసేవాళ్లు. చిరునామాలో 506001, 506002 లాంటి పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. ఇంజనీరింగ్ కాలేజీని ఆర్.ఇ.సి. అంటే 1959కీ 2002కీ మధ్యది, ఎన్.ఐ.టి. అంటే ఆ తర్వాతది. కాకతీయ విశ్వవిద్యాలయం ప్రస్తావన ఉంటే 1976కు ముందుది కాదు.

అచ్చు తీరు కూడా చూడండి. పేజీ వెనక్కి తిప్పి, వెలుతురుకు కాస్త ఏటవాలుగా పట్టి, అక్షరాల వెనక వేలు నెమ్మదిగా జరపండి. చిన్న గరుకు తగిలి, అక్షరం వెనక వైపు పొంగినట్టు కనిపిస్తే సీసపు అక్షరాలు పేర్చి కొట్టిన లెటర్‌ప్రెస్. నున్నగా ఉంటే ఆ తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చు. ఒక వత్తు మిగతా అక్షరాల కంటే పైకో కిందికో జరిగి ఉండటం, ఒకే పేజీలో "క" రెండు రకాలుగా ఉండటం కూడా చేతి కంపోజింగ్ గుర్తులే. ముందు పేజీలో "తొలి ముద్రణ 1950" అని ఉండి కాగితం నున్నగా, అచ్చు ఆఫ్‌సెట్‌లో ఉంటే మీ చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణ. అందులో కొత్తగా చేర్చినవేవో, తీసేసినవేవో చూసుకోవాలి.

ఇక లోపలి తేదీలు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని అందరికీ తెలుసు. కానీ ఉగాది నుంచి పుష్యం నడిమి దాకానే 78. ఆ తర్వాత ఫాల్గుణం దాకా 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనం తీసుకోండి. కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించిన ఆ శాసనంలో శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంది. 78 కలిపి ఆగితే 1162. కానీ మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు ఏడాది మారిపోయింది కాబట్టి అది 1163 జనవరి. 1162 అని వేసిన గుడి పుస్తకం కనిపిస్తే రచయిత శాసనంలోని నెల చూడలేదని అర్థం. సంవత్సరం పేరుతో సరిచూడటం ఇంకో మార్గం. ప్రభవ 1867, 1927, 1987లలో వచ్చింది. అరవై చొప్పున వెనక్కి వెళ్తే 1147 ప్రభవ. చిత్రభాను పదహారోది కాబట్టి 1162 ఉగాది నుంచి 1163 ఉగాది దాకా. రెండూ కలిశాయి, తేదీ సరే. శక సంఖ్య, సంవత్సరం పేరు ఒకదానితో ఒకటి కలవకపోతే ఎక్కడో అచ్చుతప్పు ఉంది. ఆ అంకెను ఇంకో పుస్తకంలో సరిచూడకుండా రాసుకోవద్దు.

నిజాం కాలపు పుస్తకాల్లో, కాగితాల్లో ఫసలీ అనే సంవత్సర లెక్క ఉంటుంది. మన హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబర్ 6న ఆజూర్ నెలతో మొదలయ్యేది. 590 కలిపితే ఆ ఏడాది మొదలైన సంవత్సరం, జనవరి నుంచి మిగతా నెలలకు 591. ఉదాహరణకు 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్ ఆ ఏడాది చివర్లో పడుతుంది. 1357కు 590 మాత్రమే కలిపి 1947 అని రాస్తే కథంతా తలకిందులవుతుంది.

జిల్లా హద్దుల సంగతి కూడా అంతే ముఖ్యం. పాత పుస్తకంలో "వరంగల్ జిల్లా" అంటే నేటి జిల్లా కాదు. 1953 దాకా ఖమ్మం, మధిర, ఇల్లెందు వరంగల్ జిల్లాలోవే. 1951 జనాభా లెక్కల్లో వరంగల్ అంకెలు చూసి 1961తో పోల్చితే జనం తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. తగ్గింది జనం కాదు, జిల్లా. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండలో, పరకాల కరీంనగర్‌లో ఉండేవి. కాబట్టి 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య బలైన కడవెండి గురించి నల్లగొండ జిల్లా పుస్తకాల్లో, 1947 సెప్టెంబర్ 2 పరకాల కాల్పుల గురించి కరీంనగర్ జిల్లా పుస్తకాల్లో వెతకాలి. "వరంగల్" అనే పేరు కోసమే చూసేవాళ్లు ఈ రెంటినీ దుకాణంలోనే వదిలేసి వస్తారు. 2016లో జిల్లా ఐదు ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి. అందుకే మీ నోటు పుస్తకంలో జిల్లా పేరుతో కాక ఊరు, వాడ పేరుతో రాసుకోండి. హద్దులు ఎన్ని మారినా దేశాయిపేట దేశాయిపేటే.

కాకతీయుల మీద పుస్తకం కొంటే అది ఎప్పటిదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రుద్రమదేవి పాలన ఎప్పుడు ముగిసిందని రాశారో చూడండి. 1295, 1296 అని ఉంటే పాత అవగాహన. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1970ల్లో వెలుగులోకి వచ్చాక ఆమె మరణం 1289లో అని తేలింది. నిన్న మొన్న వచ్చిన పుస్తకంలో కూడా 1296 అనే ఉంటే, ఆ రచయిత అరవై ఏళ్ల కిందటి పుస్తకం చూసి రాశాడన్నమాట. అందులోని మిగతా తేదీల్ని కూడా జాగ్రత్తగా చూడాలి.

శాసనాల కోసం ఒకే ఒక్కటి కొనగలిగితే 1974లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలవారీగా వేసిన శాసన సంపుటాల్లో వరంగల్‌ది కొనండి, కరీంనగర్‌ది కూడా దొరికితే వదలొద్దు. మూలపాఠం ఉంటుంది కాబట్టి ఎవరి వ్యాఖ్యానం మీదా ఆధారపడనక్కర్లేదు. 1961 జనాభా లెక్కలతో పాటు వచ్చిన జాతరలు, పండుగల సంపుటం ఇంగ్లిషులో ఉంటుంది, అట్ట చూస్తే ప్రభుత్వ కాగితంలా ఉంటుంది, అందుకే ఎవరూ తీసుకోరు. కానీ ఏ ఊళ్లో ఏ దేవర, జాతర ఎప్పుడు, పూజారి ఏ కులం అనేది ఊరూరా రాసిన సంపుటం అది. మనకు బంగారం. కొనేముందు చివరి అట్టకు లోపలున్న జేబులో మడతపెట్టిన మ్యాపు ఉందో లేదో చూడండి. చాలా కాపీల్లో పోయి ఉంటుంది. పోయినా కొనవచ్చు, కానీ ఆ ధరకు కాదు.

సాహిత్య గ్రంథాల్లో క్రీడాభిరామం మంచి వివరణలున్న ముద్రణ దొరికితే తీసుకోండి. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతూ చూసినవన్నీ అందులో ఉన్నాయి. పూటకూళ్ల ఇల్లు, రూకకు దొరికే భోజనం, వీరగాథలు పాడేవాళ్లు, ఏకవీర గుడి. దీన్ని చదివేటప్పుడు ఒకటి మరవొద్దు. ఇది 1323లో నగరం పడిపోయాక రాసిన కావ్యం. ఓరుగల్లు జ్ఞాపకం అందులో ఉంది, కొలతలు లేవు. తిండి, వేషం, ఆటపాటల కోసం దాన్ని ఆశ్రయించండి, కోట లోపల ఏ వీధి ఎటు పోయేదో తేల్చడానికి కాదు. స్థలపురాణాల్ని కూడా ఇలాగే చదవాలి. దేవుడి కథ భాగాన్ని కథగా చదివి, "జీర్ణోద్ధరణ", "దాతలు", "ధర్మకర్తలు" అనే పేజీల్ని మాత్రం వేలు పెట్టి పేరు పేరునా చదవండి. మండపం ఎవరు కట్టించారు, మెట్లు ఎప్పుడు వేశారు, ఏ వ్యాపార సంఘం గంట ఇచ్చింది అనేవి ఇంకెక్కడా దొరకవు.

ఇరవయ్యో శతాబ్దం మీద మీకు ఆసక్తి ఉంటే గ్రంథాలయోద్యమం దారిపట్టండి. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. ఇనుగుర్తి లాంటి పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో 'తెనుగు' అనే పత్రిక నడిపారు. ఈ కాలపు పుస్తకం దొరికితే లోపలి విషయం కంటే ముందు అట్ట లోపలి వైపు చూడండి. గ్రంథాలయం ముద్ర, సభ్యత్వ సంఖ్య, అమ్మిన దుకాణం చీటీ, "ప్రేమతో" అని రాసిన సంతకం, ఇవన్నీ ఆ పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో చెబుతాయి. ఆ పేజీని చింపి కొత్త బైండింగు వేయించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. బైండరుకు ఇచ్చేటప్పుడే "లోపలి అట్ట కాగితాలు తీయొద్దు, అంచులు కోయొద్దు" అని చెప్పాలి. అంచులు కోస్తే పక్కన పెన్సిలుతో రాసుకున్న మాటలు పోతాయి.

ఉర్దూ పుస్తకాన్ని చదవలేమని వదిలేయకండి. 1948కి ముందు ఇక్కడి కచేరీ, కోర్టు, చదువు అంతా ఉర్దూలోనే నడిచింది. ముందు పేజీ, విషయసూచిక ఫొటో తీసి, ఉర్దూ చదవగల పెద్దవాళ్లకు చూపించండి. చేతిరాతతో ఉన్న పుస్తకాన్ని ఇరవయ్యేళ్ల కుర్రవాడు చదవలేకపోవచ్చు, డెబ్బై ఏళ్లాయన టక్కున చదివేస్తాడు. హనుమకొండలోని సుబేదారి అనే పేరు సుబేదారు కచేరీ నుంచి వచ్చిందని తెలిసినవాళ్లకు కూడా ఆ కచేరీ ఏయే పనులు చేసేదో తెలిసేది ఈ పుస్తకాల నుంచే.

ఇంటికి తెచ్చిన కట్టను నేరుగా బీరువాలో పెట్టొద్దు. ఒక్క పురుగు పట్టిన పుస్తకం వంద పుస్తకాల్ని తింటుంది. ముందు ఆరుబయట, నీడలో, మెత్తని బ్రష్‌తో దులపండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి, బూజు ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుండ్రటి చిన్న రంధ్రాలు, పక్కనే సన్నని పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఆ పుస్తకాన్ని పొడిగా ఉన్నప్పుడే మందమైన పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, ఫ్రిజ్ పై అరలో, అంటే ఐస్ పెట్టే అరలో, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచాలి. వెంటనే విప్పితే చల్లని కాగితం మీద తేమ పట్టి కొత్తగా బూజు వస్తుంది. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఈ చివరి మెట్టులోనే.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు, పేజీలు వంకరపోయి పెళుసవుతాయి. ఫ్యాను కింద నిలబెట్టి, పదేసి పేజీలకు ఒక తెల్ల కాగితం పెట్టి, పూటకోసారి మార్చండి. న్యూస్‌పేపరు పెడితే సిరా అంటుకుంటుంది. చిరిగిన చోట సెల్లోటేప్ అంటిస్తే కొన్నేళ్లకు జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగి, ఆ అక్షరాలు శాశ్వతంగా పోతాయి. తుప్పు పట్టిన పిన్నులుంటే సన్నటి చాకు మొనతో కాళ్లు నిటారుగా చేసి వెనక నుంచి తీసి, అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుట్టండి. పాత బైండర్లు మైదా ముద్దలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, కాగితాన్నీ పాడుచేస్తుంది. అలాంటి పుస్తకం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, వేలు నాలుకకు తడుపుకుని పేజీలు తిప్పే అలవాటుంటే మానుకోండి.

రెండు జాగ్రత్తలు. పుస్తకం మీద నడుస్తున్న గ్రంథాలయం ముద్ర ఉండి, రద్దు చేసినట్టు గుర్తు లేకపోతే ఆ గ్రంథాలయానికి చూపించి అడగండి, వాళ్లదైతే ఇచ్చేయండి. తాళపత్రాలు, చేతిరాత దస్త్రాలు 75 ఏళ్లు దాటి చరిత్ర విలువ ఉన్నవైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, దేశం దాటించకూడదు. అలాంటివి దొరికితే తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన దస్త్రాల సంస్థను సంప్రదించండి.

స్కాన్ చేసేటప్పుడు అచ్చు పేజీలకు 300 డిపిఐ చాలు, ఫొటోలకు 600 పెట్టండి. ఖాళీ పేజీలు, అట్టలు, ప్రకటనలు ఏవీ వదలొద్దు. ఫైలు పేరులో వాడ, సంస్థ, సంవత్సరం ఉండాలి, సంవత్సరం మీరు ఊహించినదైతే పక్కన ప్రశ్నార్థకం. నెట్‌లో పెట్టేముందు హక్కులు చూసుకోవాలి: రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, ప్రభుత్వ ప్రచురణకైతే అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1961 జనాభా లెక్కల సంపుటాల్లో 1965 లోపు అచ్చయినవి ఇప్పుడు నిశ్చింతగా పెట్టవచ్చు. ఆ సంపుటాలు ఏళ్ల తరబడి విడివిడిగా వచ్చాయి, అందుకే అట్ట మీది 1961 కాకుండా లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం చూసి లెక్కించండి.